మా అమ్మకు నోటికొచ్చిన పుస్తకం

ఆ కొబ్బరిమట్ట ఇంకాస్త లోపలికి తొయ్యరా, పొగంతా అమ్మాయి కళ్ళల్లోకి పోతోంది. క్యారల్స్ కుర్రాళ్ళు మన వీధికి వచ్చేసరికి ఎటూ పన్నెండు దాటుతుంది. కూర్మన్నపాలెం చలి ఒక చలా అంటారు గానీ, సముద్రం తేమ కలిసిందంటే మోకాళ్ళకు బాగానే తెలుస్తుంది.

సరే అమ్మడూ, నువ్వడిగిందానికి వస్తా. "మీరు లూథరన్స్ అంటున్నారు కదా, అంటే ఏంటి, ఏ పుస్తకం చదివితే తెలుస్తుంది" అని మీ స్నేహితురాలు అడిగిందా? మంచి పిల్లే. మా రోజుల్లో ఇంత ఓపిగ్గా ఎవరూ అడగలేదు. "మీదే మిషను?" అనేవాళ్ళు, అంతే. లూథరన్ అంటే గుంటూరు, బాప్టిస్టు అంటే ఒంగోలు, లండన్ మిషను అంటే కడప. మనిషి ఊరు చెబితే గుడి తెలిసిపోయేది. పుస్తకంతో పనేముంది?

ఇప్పుడు గుళ్ళో పెద్దల్నడిగితే లావుపాటి పుస్తకం పేరేదో చెప్పి పంపిస్తారు. నా మాట విను. అన్నిటికన్నా చిన్నది ముందు చదవమను. లూథరు చిన్న ప్రశ్నోత్తరి. కూర్చుంటే గంటలో అయిపోతుంది. నాకు డెబ్బై దాటాయి, నాకింకా అవలేదనుకో.

మాది పల్నాడని తెలుసుగా, గురజాల దగ్గర. మిరపకోతలు అయ్యాక సాయంత్రాలు మా అమ్మ వసారాలో కూర్చుని కాయల తొడిమలు తీసేది. చుట్టూ మేం పిల్లలం. ప్రశ్నోత్తరి అప్పజెప్పించుకునేది అప్పుడే. అమ్మకు చదువు రాదు. చిన్నప్పుడు బైబిలు స్త్రీ ఒకావిడ వాళ్ళ పేటకొచ్చి చెబుతుంటే విని విని నేర్చుకుంది. పుస్తకం మటుకు ఒళ్ళో ఉండాల్సిందే. పాత పేపరు అట్ట వేసి, మధ్యలో దారంతో కుట్టి ఉండేది. తెరిస్తే పుటల మధ్య నుంచి మిరపకాయ ఘాటు లేచి తుమ్ములొచ్చేవి. నేను ఒక్క మాట జారవిడిస్తే తల ఎత్తేది కాదు, చెయ్యి ఆపేది కాదు. "మళ్ళా మొదట్నించీ" అనేది. కళ్ళ మంటకు ఏడుస్తున్నానో, తప్పు చెప్పినందుకు ఏడుస్తున్నానో ఆవిడకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.

పెద్దయ్యాక, ఈ పుస్తకం ఎందుకు పుట్టిందో చదువుతుంటే నాకు మా వసారానే కనబడింది. 1528లో లూథరు జర్మనీలోని సాక్సనీ పల్లెల్లో గుళ్ళు ఎలా ఉన్నాయో చూసిరావడానికి తిరిగాడు. జనానికి పరలోక ప్రార్థన రాదు. పది ఆజ్ఞలు రావు. జనం సంగతలా ఉంచి, కొన్ని చోట్ల అయ్యగార్లకే రావు! ఆయనకు ఒళ్ళు మండింది. ఆ మంటంతా ప్రశ్నోత్తరి ముందుమాటలో కనబడుతుంది, అది వదిలెయ్యకుండా చదవమను. 1529లో ముందు పెద్ద పెద్ద కాగితాల మీద అచ్చేయించాడు, ఇళ్ళల్లో గోడలకు తగిలించుకోమని. తర్వాతే పుస్తకమైంది. ప్రతి భాగం పైనా ఇంటి యజమాని తన ఇంటివాళ్ళకు ఇది ఎలా నేర్పాలో అని ఉంటుంది. అంటే గుళ్ళో పాఠం కాదు, ఇంట్లో పాఠం. మా ఇంట్లో ఆ యజమాని మా అమ్మే. నాన్న ఆదివారం గుడికొచ్చి వెనక వరసలో కునికేవాడు, పాపం, వారమంతా కూలిపని.

అందులో ఏముంటుందంటావా? పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు భోజనం. పొద్దున్నే లేవగానే ఏం ప్రార్థన చెయ్యాలి, పడుకోబోయే ముందు ఏది, అన్నం ముందు ఏది, అవీ ఉంటాయి. పనివాడు ఎలా ఉండాలి, యజమాని ఎలా ఉండాలి, ఆ వరస కూడా చివర్లో ఉంటుంది. ఒక్కో మాట చెప్పి, దీనర్థమేమిటి అని అడుగుతాడు. జవాబు రెండు మూడు వాక్యాలే. చమత్కారమంతా ఆ జవాబుల్లోనే ఉంది. చంపకూడదు అన్న ఆజ్ఞకు అర్థం చెబుతూ, చంపకుండా ఊరుకుంటే సరిపోదు, పొరుగువాడికి ఒంటికి ఏ కష్టమొచ్చినా ఆదుకోవాలి అంటాడు. ఆజ్ఞ వద్దంటుంది, లూథరు దాన్ని తిరగేసి ఏం చెయ్యాలో చెబుతాడు. చాలా ఆజ్ఞలకు ఇదే పద్ధతి.

దీని మీద ఒక ముచ్చట చెప్తా. నేను స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో చేరిన కొత్త. ఏడు మీటర్ల ఎత్తు ఓవెన్లు దేశంలో అంతకు ముందెక్కడా లేవని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ వేడిలో నుంచి బయటకొచ్చి రెస్ట్ రూములో క్యారేజీ విప్పితే ప్రాణం లేచొచ్చేది. ఒకరోజు విప్పాను. కింద గిన్నెలో అన్నముంది, పై గిన్నెలో చేపల పులుసు లేదు. ముల్లు కూడా మిగల్చలేదు. "దొంగిలించకూడదన్న ఏడో ఆజ్ఞ మీరాడు ఎవడో" అన్నాను మంటగా. పక్కన మా శ్రీకాకుళం స్నేహితుడు, బాప్టిస్టు, తింటున్నవాడు ఆగి, "ఏడోది కాదు గురూ, ఎనిమిదోది" అన్నాడు. నేను ఏడంటాను, వాడు ఎనిమిదంటాడు. పులుసు సంగతి ఇద్దరం మర్చిపోయాం. మర్నాడు ఇద్దరం బైబిళ్ళు తెచ్చుకున్నాం. తీరా చూస్తే బైబిల్లో ఆజ్ఞలకు నంబర్లు వేసి లేవు! విగ్రహాల మాటను వాళ్ళు రెండో ఆజ్ఞగా విడిగా లెక్కపెడతారు. మనం దాన్ని మొదటి దాంట్లోనే కలిపి, చివర ఆశించకూడదన్న దాన్ని తొమ్మిది, పది చేసుకుంటాం. ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్కు వాళ్ళదీ మన లెక్కే. లూథరు పాత లెక్కను అలాగే ఉంచేశాడు. అక్కర్లేకుండా ఏదీ పీకెయ్యకూడదన్నది ఆయన తత్వం. మన గుళ్ళల్లో సిలువ, కొవ్వొత్తులు, పాస్టరుగారి అంగీ, చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవన్నీ ఎందుకున్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఆ పూట పోయింది పులుసే. కానీ ఆ ఏడో ఆజ్ఞకు లూథరు రాసిన అర్థం ఆ తర్వాత నన్ను చాన్నాళ్ళు పట్టుకుంది. దొంగతనం చెయ్యకపోవడమే కాదట, పొరుగువాడి ఆస్తినీ బతుకుతెరువునూ నిలబెట్టడానికి సాయపడాలట. మనం కూర్చున్న ఈ చుట్టుపక్కల 64 ఊళ్ళ నేల ప్లాంటు కిందకు పోయింది. నిర్వాసితుల్లో ఉద్యోగాలు రానివాళ్ళు గేటు దగ్గర కూర్చుంటే, జీతగాళ్ళం మేం బస్సుల్లో లోపలికి పోయేవాళ్ళం. మా అమ్మ నా చేత అప్పజెప్పించుకున్నప్పుడు ఈ ఆజ్ఞ గేటు దగ్గర ఎదురొస్తుందని నేననుకోలా.

ఇంకో సంగతి, మీ స్నేహితురాలికి తప్పకుండా చెప్పు. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో ఈ ప్రశ్నోత్తరి ఒకటి. మద్రాసులో కాదు, బందరులో కాదు, జర్మనీలో హాలే అనే ఊళ్ళో, 1746లో. బెంజమిన్ షుల్జ్ అని ఒక లూథరన్ అయ్యగారు. తరంగంబాడిలో 1706లోనే జీగెన్‌బాల్గు, ప్లూచౌ అనే ఇద్దరు దిగి తమిళంలో పని మొదలుపెట్టారు. షుల్జ్ 1719లో అక్కడికే వచ్చి, తర్వాత మద్రాసు చేరి, అక్కడ తెలుగువాళ్ళ మధ్య తెలుగు నేర్చాడు. బైబిలు తెలుగు చేశాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. 1743లో దేశానికి తిరిగి వెళ్ళాక తెలుగు అక్షరాలు పోతపోయించి ఈ చిన్న పుస్తకాలు వేయించాడు. భాష అంత గొప్పగా లేదంటారు పండితులు, ఉండకపోవచ్చు. మన అక్షరం సీసంలోకి దిగిన తొలి రోజుల్లో ఈ ప్రశ్నోత్తరి దాని వెంట ఉందన్నది మటుకు ఎవరూ కాదనలేరు. లైబ్రరీ సైన్సు చదివిన ఒక పాస్టరుగారు ఈ మాట చెబితే మొదట నేను నమ్మలేదు. అమ్మ బతికుంటే చెప్పేవాణ్ణి.

ఈ విశాఖపట్నం మటుకు మన మిషను ఊరు కాదు. ఇక్కడికి 1805లో లండన్ మిషను తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజ్ అని ఇద్దరొచ్చారు. ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణుడు క్రైస్తవుడై వాళ్ళతో కలిసి సువార్తలు తెలుగు చేశాడు. దొరలిద్దరూ 1810 దాటకుండానే పోయారు. వాళ్ళ తర్జుమా 1812లో శ్రీరాంపురంలో అచ్చయింది. ఆ లండన్ మిషను పని తర్వాత కెనడా బాప్టిస్టుల చేతికి వెళ్ళింది. అందుకే ఈ ఊళ్ళో ఎటు చూసినా బాప్టిస్టులే. కొండల వైపు సాలూరు, పార్వతీపురం పోతే మళ్ళీ లూథరన్లు తగుల్తారు. వాళ్ళు మన అమెరికా మిషను వాళ్ళు కాదు, జర్మనీలో బ్రెక్లుమ్ అనే ఊరి నుంచి 1880ల్లో జయపురం ఏజెన్సీకి వచ్చిన మిషను. ఇక పట్నంలో మనవాళ్ళంటావా, పోర్టు తెరుచుకున్నాక, షిప్‌యార్డు వచ్చాక, మాలాగా స్టీలు ప్లాంటు పిలిచాక, గుంటూరు నుంచీ గోదావరి నుంచీ పెట్టెలు సర్దుకుని వచ్చినవాళ్ళమే. మొదట్లో ఎవరో ఒకరి క్వార్టర్సులో ముందు గదిలో చాపలేసుకుని ఆరాధన. పాటల పుస్తకాలు నాలుగుంటే నలభై మందికి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు చాలామందికి నోటికే వచ్చు కాబట్టి సరిపోయేది. మీరిప్పుడు ఫోన్లో చూసి పాడతారు, అయినా రెండో చరణం దగ్గర తడబడతారు! నవ్వకు, పోయిన ఆదివారం చూశాను.

ఆ కీర్తనల పుస్తకం కూడా చదవాల్సిన జాబితాలోకే వస్తుంది. నన్నడిగితే అది రెండోది. అందులో ఎక్కువ భాగం లూథరన్లు రాసింది కాదు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు బాప్టిస్టు, ఉత్తరాంధ్ర ఒరిస్సా సరిహద్దుల్లో తిరిగిన మనిషి. ఆయన కీర్తనలు లేకుండా గుంటూరు లూథరన్ గుళ్ళో ఒక్క ఆదివారమూ గడవదు. లూథరు కూడా పాటలు రాసినవాడే, నలభయ్యారో కీర్తన పట్టుకుని ఆయన కట్టిన పాట లోకమంతా పాడుతుంది. విశ్వాసం పామరుడి నోటికి పాటగా ఎక్కాలన్నది ఆయన పట్టుదల.

ఇక చరిత్ర. హయ్యరుగారి కథ నీకు సండే స్కూల్లో చెప్పే ఉంటారు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు, జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మనిషి, 1842 జులై 31న గుంటూరు చేరాడు. కలెక్టరు స్టోక్స్ దొర పిలిచి నిలబెట్టాడు. సండే స్కూల్లో చెప్పేది అక్కడితో ఆగుతుంది. నాకిష్టమైంది తర్వాతది. మధ్యలో అమెరికా వెళ్ళినప్పుడు యాభై దాటిన వయసులో వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మళ్ళీ వచ్చాడు. మా గురజాల వైపు పని మొదలుపెట్టింది అప్పుడే. పెద్దవాడై తిరిగి వెళ్ళిపోయాక, 1869లో, రాజమండ్రి మిషను నడపలేం, ఆంగ్లికన్ల సీఎంఎస్‌కు అప్పగించేద్దాం అన్న మాట అమెరికాలో పెద్దల ముందుకొచ్చింది. హయ్యరు లేచి, ఇవ్వొద్దు, ఎవరూ పోకపోతే నేనే పోతానన్నాడు. అప్పటికి డెబ్బయ్యైదు దాటాయి! అన్నమాట ప్రకారం ఓడెక్కి రాజమండ్రి వచ్చాడు. నాకీ వయసులో గాజువాక దాకా బస్సెక్కడం బరువుగా ఉంది. ఆయన పట్టుబట్టకపోతే గోదావరి జిల్లాల్లో మనవాళ్ళంతా ఈపాటికి ఇంకో గుడివాళ్ళయ్యేవాళ్ళు. గుంటూరు, రాజమండ్రి కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయిందంటే దాని వెనక ఆ ముసలాయన మొండితనం ఉంది.

దీని మీద పుస్తకాలు ఇంగ్లీషులోనే ఎక్కువ. బాక్‌మన్ 1942లో హయ్యరు జీవితం రాశాడు, కథలా సాగిపోతుంది. డోల్‌బీర్ రాసిన ఆంధ్రదేశ లూథరన్ చరిత్ర, 1842 నుంచి 1920 దాకా, లావుపాటిది. 1914లో డ్రాక్, కూడర్ కలిసి రాసింది రాజమండ్రి వైపు సంగతులకు మంచిది. అన్నా కుగ్లర్ డాక్టరమ్మ గుంటూరు ఆస్పత్రి గురించి తానే రాసింది 1928లో, ఆవిడ 1883లో వచ్చి ఇక్కడే మట్టిలో కలిసింది. ఇవన్నీ చదువు, కానీ ఒకటి గుర్తుపెట్టుకో. రాసింది దొరలు. ఊరూరా తిరిగి పాఠం చెప్పిన మాల, మాదిగ ఉపదేశకులు వాటిల్లో పేరు లేకుండా, చాలాసార్లు "మన సహాయకుడు" అన్న ఒక్క ముక్కతో వెళ్ళిపోతారు. మా అమ్మకు నేర్పిన బైబిలు స్త్రీ లాంటివాళ్ళ కోసం ఆ పుటల్లో ఎంత వెతికినా దొరకరు.

ఆ లోటు తీరాలంటే కవి జాషువాను చదవమంటాను. ఎందుకలా చూస్తావ్? జాషువాగారు గుంటూరులో లూథరన్ మిషను వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చాలా ఏళ్ళు పంతులుగా పనిచేశారు. ఆయన కావ్యం గబ్బిలం వేదాంత గ్రంథం కాదు, నిజమే. హిందూ పురాణాల మీద పద్యాలు రాశాడని ఇటు క్రైస్తవ పెద్దలూ, అంటరానివాడని అటు అగ్రకులాలూ ఆయన్ని వేధించారు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. క్రైస్తవం ఈ నేలలో ఎవరికి ఏమైందో ఆయన పద్యాల్లో తెలిసినంతగా మిషను రిపోర్టుల్లో తెలీదు.

మళ్ళీ విశ్వాసం సంగతికొద్దాం. ప్రశ్నోత్తరి తర్వాత ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం. 1530 జూన్ 25న చక్రవర్తి ఐదో చార్లెస్ ముందు చదివారు దాన్ని. లూథరు ఆ సభలో లేడు, చక్రవర్తి వెలివేసిన మనిషి గనక కోబుర్గు కోటలో దూరంగా కూర్చుని ఉత్తరాలు రాస్తున్నాడు. రాసింది ఆయన స్నేహితుడు మెలాంక్‌తన్, చాలా నెమ్మదస్తుడు. ఆ నెమ్మది ప్రతి వాక్యంలో ఉంది. మేం కొత్త మతం పెట్టడం లేదు, పాత సంఘం నమ్మిందే నమ్ముతున్నాం అని ఓపిగ్గా చెప్పుకొస్తాడు. మొత్తం 28 అంశాలు. నాలుగోది నాలుగు సార్లు చదవమను. మనిషి తన పుణ్యకార్యాలతో దేవుడి ముందు నీతిమంతుడు కాలేడు, క్రీస్తును బట్టి ఉచితంగా, నమ్మకం ద్వారా అవుతాడు అన్నది అందులో ఉంది. లూథరన్ అంటే ఏంటని ఎవరైనా నిలబెట్టి అడిగితే చెప్పాల్సింది ఆ నాలుగోదే. ఏడోది కూడా చూడమను, సంఘం అంటే ఎక్కడ వాక్యం సరిగ్గా ప్రకటిస్తారో, సంస్కారాలు సరిగ్గా ఇస్తారో అక్కడ కూడిన విశ్వాసులట. భవనమూ కాదు, ఆస్తీ కాదు, ఎలక్షనూ కాదు. మన సంఘాల్లో కోర్టు కేసులు చూసినప్పుడల్లా నాకు ఏడోది గుర్తొస్తుంది, ఊరుకుంటాను.

అప్పుడు లూథరు సొంత రచన ఒకటి, 1520లో రాసిన క్రైస్తవుని స్వాతంత్ర్యం. పల్చటి పుస్తకం. క్రైస్తవుడు ఎవడికీ దాసుడు కాదు, అందరికీ దాసుడు, ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమో చెబుతాడు. అది చదివి తల తిరిగితే మంచిదే, నాకూ తిరిగింది. ఆయన జీవితం తెలుసుకోవాలంటే రోలండ్ బెయింటన్ 1950లో ఇంగ్లీషులో రాసింది చాలు. పాత చెక్క బొమ్మలతో, నవలలా ఉంటుంది. లూథరు ఎరాస్మస్‌తో పోట్లాడి 1525లో రాసింది కూడా ఒకటుంది, మనిషి ఇచ్ఛకు స్వేచ్ఛ లేదని. నేను రెండు సార్లు మొదలుపెట్టి వదిలేశాను. నీ స్నేహితురాలు పూర్తి చేస్తే వచ్చి నాకు చెప్పమను.

ఒకటి దాచకూడదు. ముసలితనంలో, 1543లో, లూథరు యూదుల మీద చాలా విషం కక్కాడు. వాళ్ళ మందిరాలు తగలబెట్టమన్నాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత నాజీలు ఆ రాతల్ని బయటికి తీసి వాడుకున్నారు. లోక లూథరన్ సమాఖ్య 1984లో బుడాపెస్ట్ సభలో ఆ మాటల్ని బాహాటంగా తోసిపుచ్చింది. మనం లూథరును పూజించం గదా, ఆయనే తన పేరుతో సంఘాన్ని పిలవొద్దన్నాడు. ఇది తెలిసి చదివితే మనిషి పూర్తిగా కనబడతాడు. దానికి పక్కనే డీట్రిక్ బోన్‌హోఫర్‌ను పెట్టి చదవమంటాను. ఆయనా లూథరన్ పాస్టరే, హిట్లరుకు ఎదురు తిరిగి 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కాడు. 1937లో శిష్యరికం గురించి రాసిన పుస్తకంలో చౌక కృప అని ఒకదాన్ని దులిపేస్తాడు. కృప ఉచితమే గదా అని ఎలా పడితే అలా బతికే లూథరన్లకు తగలాల్సిన దెబ్బ అది. నాకు తగిలింది.

అదుగో, డప్పు మోత వినబడుతోంది, వచ్చేస్తున్నట్టున్నారు. టీ పొయ్యి మీద పెట్టమని మీ అమ్మమ్మతో చెప్పు, పాతిక మందైనా ఉంటారు. నీ స్నేహితురాల్ని ఆదివారం మధ్యాహ్నం రమ్మను. ప్రశ్నోత్తరి నా దగ్గర నాలుగు కాపీలున్నాయి, ఒకటి ఉంచేసుకోమను. బెయింటన్ మటుకు బయటికివ్వను. ఇంతకు ముందు ఒకటి తీసుకెళ్ళినాయన రిటైరై రాజమండ్రి వెళ్ళిపోయాడు, పుస్తకం ఆయనతోనే పోయింది. ఇక్కడే కూర్చుని చదువుకోమను, కాఫీ ఎన్నిసార్లయినా ఇస్తాం.